అందరూ చూసిన కబురు

కుల్సుం ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్ళ నాన్న అబ్దుల్ రవూఫ్‌కి చివరిదాకా అర్థం కాలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో మిషను కుట్టి ఆడపిల్లలందర్నీ చదివించిన మనిషి ఆయన. "డాక్టరువి కావు, నర్సువి కావు, పంతులమ్మవీ కావు. మరి పొద్దున్నే బ్యాగేసుకుని పామర్రు బస్సెక్కి పోయి నువ్వు చేసేదేంటమ్మా?" అని అడిగేవాడు. "నలుగుర్నీ ఒకచోట కూర్చోబెడతాను అబ్బాజాన్" అనేది కుల్సుం. "దానికి కూడా జీతమిస్తారా!" అని ఆయన నోరెళ్ళబెట్టేవాడు.

ఇస్తారు. యూనివర్సిటీ వాళ్ళిస్తారు. ఊళ్ళల్లోని చిన్న ఆసుపత్రుల్లో డాక్టరుదో దారి, నర్సుదో దారి, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తది ఇంకో దారి. అలా కాకుండా అందరూ ఒక జట్టుగా పనిచేస్తే జబ్బు మనిషికి మేలు జరుగుతుందా అని పరిశోధన. దానికి పెద్ద ప్రొఫెసర్ ఉషశ్రీ గారు. ఆవిడ విజయవాడలో ఏసీ గదిలో కూర్చుని ప్లాను గీస్తే, ఎండన పడి ఊళ్ళు తిరిగి, డాక్టర్ల అలకలు తీర్చి, నర్సుల్ని బతిమాలి పని జరిపించేది కుల్సుం. కోఆర్డినేటర్ అనే ఘనమైన పేరు వెనక ఉన్న చాకిరీ అదీ.

పామర్రు అవతల ఒక ఊరి ఆసుపత్రిలో మొదటి మీటింగు పెట్టిన రోజున ఆశా కార్యకర్త సంపూర్ణమ్మ కూర్చోమంటే కూర్చోలేదు. "అయ్యో, డాక్టరు గారి ముందా! బాగోదండీ" అని గోడకానుకుని నిలబడింది. డాక్టరు లక్ష్మీకాంత్ కుర్రాడు, మంచివాడే. కానీ ఆయనకీ అది మామూలుగానే అనిపించింది. కుల్సుం ఊరుకునే రకమా? ప్లాస్టిక్ కుర్చీలన్నీ గుండ్రంగా వేయించి, "మీరు కూర్చుంటేనే ఇక్కడ టీ ఎవరికైనా" అని మొండికేసింది. చేసేది లేక నవ్వుకుంటూ కుర్చీ అంచున కూర్చుందావిడ. కొన్నాళ్ళు పోయేసరికి, "మీరు రాసిన మాత్ర ఆ ముసలాయన మింగట్లేదు డాక్టరు గారూ, పెరట్లో పారేస్తన్నాడు" అని మొహమ్మీదే చెప్పేదాకా వచ్చింది. ఆ రోజు కుల్సుం బస్సులో విజయవాడ దాకా తనలో తనే నవ్వుకుంటూ వచ్చింది.

జట్టుకి వాట్సాప్ గ్రూపు పెట్టింది కూడా కుల్సుమే. ఇళ్ళల్లో ఏం చూసినా అందులో పెట్టాలి, మిగతావాళ్ళు చూసినట్టు బదులివ్వాలి. బదులు ఎంత తొందరగా వస్తే జట్టు అంత బాగా పనిచేస్తున్నట్టు లెక్క. ఇక మనవాళ్ళ సంగతి తెలిసిందేగా! పెళ్ళి కబురైనా, చావు కబురైనా, రేపు కరెంటు ఉండదన్నా సరే, చేతులు జోడించిన దండం బొమ్మ ఒకటి పడేస్తే పనైపోయింది. చూసినట్టూ ఉంటుంది, మర్యాద చేసినట్టూ ఉంటుంది. ఆ ఊరి గ్రూపులో దండాలు టకటకా పడేవి. ఉషశ్రీ గారు అంకెలు చూసి, "మన ప్రాజెక్టు మొత్తానికి ఇదే బెస్టు టీము, క్రెడిటంతా కుల్సుందే" అని అందరి ముందూ అన్నారు. ఒక ప్రాజెక్టు ముగియగానే ఇంకోటి వెతుక్కుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన మనిషికి ఆ మాట కడుపు నింపింది.

సింధూరి ఆ ఊరి కోడలు. తొలిచూలు, ఎనిమిదో నెల. సంపూర్ణమ్మది పక్క వీధే. "అత్తా, అత్తా" అని ఆవిడ వెనకాలే తిరిగేది ఆ పిల్ల. ఒక పొద్దున తల పగిలిపోతోందనీ, కళ్ళు మసకేస్తున్నాయనీ చెప్పింది. కాళ్ళూ మొహమూ వాచిపోయి ఉన్నాయి. ప్రాజెక్టు ఇచ్చిన మిషనుతో సంపూర్ణమ్మ బిపి చూస్తే బాగా ఎక్కువుంది. వెంటనే అంతా గ్రూపులో పెట్టింది.

నర్సు చూసింది. డాక్టరు గారు చెబుతారులే అనుకుని దండం పెట్టింది. డాక్టరు గారు బందరులో జిల్లా మీటింగులో ఉన్నారు. నర్సు పెద్దాసుపత్రికి తీసుకొస్తుందిలే అనుకుని ఆయనా దండం పెట్టారు. కుల్సుం ఇంకో ఊరి ఆసుపత్రికి పోతూ బస్సులో ఉంది, ఉయ్యూరు దాటుతోంది. అందరూ చూశారు కదా, ఇంకేం అనుకుంది. తనూ ఒక దండం పెట్టి ఫోను బ్యాగులో వేసుకుంది. చూడండి ఎంత చక్కటి జట్టో! ఒక్కరంటే ఒక్కరు లేచి కదల్లేదు.

సాయంత్రానికి సింధూరికి ఫిట్స్ వచ్చాయి. బందరు పెద్దాసుపత్రికి చేర్చేసరికి బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. అక్కడివాళ్ళు నానా తంటాలు పడి తల్లిని మాత్రం దక్కించారు.

తర్వాత విచారణ అని ఒకటి జరిగింది. ఇలాంటివి ఎవరి మీదికి జారతాయో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. "ఆశా కార్యకర్త వెంటనే ఆసుపత్రికి తేవాల్సింది" అన్నాడు పైనుంచి వచ్చిన ఆఫీసరు. డాక్టరు తల దించుకున్నారు. కుల్సుం లేవబోతుంటే సంపూర్ణమ్మ చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. "తప్పు నాదేనండీ" అంది అందరికీ వినబడేలా.

బయటికి రాగానే కుల్సుం ఆవిడ మీద విరుచుకుపడింది. "ఎందుకలా అన్నారు? మీరు చెప్పారుగా! మేమంతా చూశాంగా!"

"డాక్టరు బాబు మీదికొస్తే ఆయన వెళ్ళిపోతాడమ్మా. ఆయన రాకముందు ఇక్కడ డాక్టరన్నవాడే లేడు. నేనంటారా, ఎక్కడికి పోతాను?" సంపూర్ణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయినా నేను అబద్ధమాడలేదండీ. ఇదివరకైతే ఎవర్నీ అడిగేదాన్ని కాదు. ఆటో ఎక్కించుకుని బందరు లాక్కుపోయేదాన్ని. మొన్నా ఆటో కోసమే బయలుదేరా. ఈలోగా మీరంతా చూశారు. పెద్దోళ్ళు చూశారు కదా, వాళ్ళని కాదని నేను ముందుకెళ్తే ఏం బాగుంటుంది, వాళ్ళే చెబుతారు అని ఆగిపోయా."

నలుగురితో కలిసి, నలుగుర్నీ అడిగి చెయ్యమని ఆవిడకి నేర్పిందెవరు? ఇంతకాలం గొప్పగా చెప్పుకున్న పని ఇదేనా? కుల్సుంకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నా బాధ ఈ ఉద్యోగం పోతుందని కాదమ్మా" అంది సంపూర్ణమ్మ. "సింధూరి నన్ను గుమ్మం తొక్కనివ్వట్లేదు. నేనెవరికీ చెప్పకుండా ఊరుకున్నాననుకుంటోంది. చెప్పానంటే, ఎవరికి చెప్పావని అడుగుద్ది. డాక్టరు గారి పేరెత్తితే ఊరు ఊరంతా ఆయన మీద పడుద్ది. ఏం చెయ్యను?"

ఉషశ్రీ గారి దగ్గరికెళితే ఆవిడ తలుపు దగ్గరికేశారు. "కుల్సుం, మనం గమనించేవాళ్ళం అంతే. ఆ కుటుంబం జోలికెళ్ళకు. ఊరు ఎదురుతిరిగితే ప్రాజెక్టు ఆగిపోతుంది. నీ కాంట్రాక్టు సంగతి కూడా ఆలోచించుకో." చెడ్డ మనిషి కాదు, భయపడింది. ఆ నెల లెక్కల్లోనూ ఆ ఊరి జట్టుదే మొదటి స్థానం. సింధూరి కబురుకి బదులు నిమిషాల్లో వచ్చిందిగా మరి! ఆ అంకె తన చేత్తో కంప్యూటర్లో ఎక్కిస్తూ కుల్సుం వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆ ఊరెళ్ళింది.

సింధూరి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తాగే బిడ్డ లేక పాలు గడ్డకట్టి సలుపుతుంటే, పాలు ఇంకిపోవాలని అత్తగారు రొమ్ములకి మల్లెపూలు కట్టింది. గది నిండా ఆ వాసన. కుల్సుం మంచం దగ్గరికెళ్ళింది.

"నేను సంపూర్ణమ్మ గారితో పనిచేస్తానమ్మా."

"ఆవిడ పంపిందా మిమ్మల్ని?" ఇటు తిరగకుండానే అడిగింది సింధూరి.

"లేదు. నేనొచ్చినట్టు ఆవిడకి తెలీదు."

"నా ప్రాణం పోతోందత్తా అని చెప్పానండీ ఆవిడకి. అమ్మ కంటే ఎక్కువనుకున్నాను. ఎవరికో ఒకరికి ఒక్క మాట చెబితే ఆవిడ సొమ్మేం పోయింది?"

కుల్సుం మంచం పక్కన నేల మీద కూర్చుంది. డాక్టరు పేరు నాలిక దాకా వచ్చింది. మింగేసింది.

"చెప్పిందమ్మా. అప్పటికప్పుడే నాకు చెప్పింది. నేను చూశాను. చూశానని బదులిచ్చాను కూడా. ఇక నేనేదో చేస్తానని నమ్మి ఆగింది సంపూర్ణమ్మ గారు. నేను ఫోను బ్యాగులో వేసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను."

సింధూరి మెల్లగా ఇటు తిరిగింది. తిడుతుందనుకుంది కుల్సుం. కొట్టినా బాగుండుననుకుంది. ఆ పిల్ల కుల్సుం మొహంలోకి చూసి, వంటింటి వైపు తిరిగి పిలిచింది.

"అత్తయ్యా, సంపూర్ణమ్మత్తని రమ్మను. ఈవిణ్ణి పంపించెయ్యి."

కుల్సుం చెప్పులేసుకుని వీధిలోకొచ్చింది. కబురందుకున్న సంపూర్ణమ్మ ఎదురుగా పరుగులాంటి నడకతో వస్తోంది. ఏమైందని కూడా అడక్కుండా ఆమెని దాటుకుని లోపలికెళ్ళింది. ఆ తర్వాత సింధూరి ఏడుపు వినిపించింది. బందరు నుంచి వచ్చాక ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారని వీధరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెప్పింది. కుల్సుం తల ఊపి, బస్సు ఆగే చోటికి నడిచింది.