అత్త ఎత్తని ఫోను

కిందటి నెల ఓ తెల్లవారుజామున విజయనగరం నుంచి మావయ్య ఫోను చేసి, "మీ అత్త ఎల్లిపోయిందమ్మా" అన్నాడు. నాకు సరిగమలు నేర్పిన మా మేనత్త ఇక లేదు. ఈ మాట రాస్తుంటేనే చెయ్యి ఆగుతోంది. లేదు అనే మాటంటే ఆవిడకు అస్సలు పడదు మరి.

ఆ సంగతి వాళ్లింట్లో ఆన్సరింగ్ మిషను పెట్టిన రోజున బాగా తెలిసింది. సెల్ ఫోన్లు ఇంకా రాని కాలం. పాఠం చెబుతుండగా ఫోను మోగితే అత్త లేచేది కాదు. నెల్లిమర్లలో ఉద్యోగం చేసే మావయ్య, పగలు ఇంటికి కబురు చెప్పే దారి లేక విసిగిపోయి ఆ మిషను కొనుక్కొచ్చాడు. ఫోను ఎవరూ ఎత్తకపోతే అదే పలికి, అవతలివాళ్ల మాటలు కేసెట్టులో పట్టి ఉంచుతుంది. వైరు కలిపి, చిన్న కేసెట్టు పెట్టి, "ఇంట్లో లేము, మీ కబురు సెప్పండి అను" అన్నాడు.

"బతికుండగా లేనని ఎలా సెప్తానండీ? తథాస్తు దేవతలుంటారు" అంది అత్త. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి, "ఉన్నాను, పాఠంలో ఉన్నాను. కుయ్యిమన్నాక సెప్పండి" అని రికార్డు చేసింది.

ఇంకేముంది! శ్రీకూర్మం నుంచి మావయ్య అన్నగారు ఫోను చేశారు. మరదలు ఉన్నానంటుంది, ఎంత పిలిచినా పలకదు. ఆయన మర్నాడు మొదటి బస్సుకే వచ్చి దిగి, "ఏటమ్మా, మామీద కోపమేటి? తప్పు సేస్తే సెప్పు" అన్నారు. అత్త ఆయనకు వేడివేడిగా ఉప్మా చేసి పెట్టింది గానీ, రికార్డు చేసిన మాట మాత్రం మార్చలేదు.

తర్వాత నాకు పెళ్లయి ఎచ్చెర్ల కాపురానికి వచ్చాను. పెద్ద కుటుంబం. పాటంటే గిట్టనివాళ్లు కాదు, వినే తీరిక లేనివాళ్లు. నేర్చుకున్నదంతా గొంతులోనే ఎండిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఓ మధ్యాహ్నం అత్తతో చెప్పుకుని ఏడుద్దామని ఫోను చేస్తే మిషను పలికింది. మిషనుకు ఏం చెప్పుకుని ఏడుస్తాం? ఏం చెయ్యాలో తోచక మోహనలో వర్ణం ఎత్తుకున్నాను. పల్లవి అవుతుండగా మిషను కుయ్యిమని ఆగిపోయింది. మళ్లీ చేసి అనుపల్లవి పాడాను.

సాయంత్రం అత్త ఫోను చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు. "రెండో కాలంలో ఏటే ఆ పరుగు? బస్సు తప్పిపోతాదా? రేపు మళ్లీ పాడు" అంది.

అలా ఏళ్ల తరబడి సాగింది నా పాఠం. మధ్యాహ్నం నేను ముక్కలు ముక్కలుగా పాడడం, సాయంత్రం ఆవిడ దిద్దడం. "తప్పు పాడితే దిద్దుతాను. మానేస్తే ఏటి దిద్దను?" అనేది. ఎప్పుడు చేసినా మిషనే పలికేది. ఆ వేళకు ఆవిడ పిల్లలకు పాఠం చెబుతూ ఉంటుందనుకునేదాన్ని. ఇవాళ మా వీధి పిల్లలు నా దగ్గర సంగీతం నేర్చుకుంటున్నారంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

కర్మకాండలు ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక, మావయ్యా నేనూ పాఠాల గదిలో కూర్చున్నాం. ఆ మధ్యాహ్నాల మాట నేనే ఎత్తాను.

"ఆ వేళప్పుడు పాఠాలేటీ ఉండీవి కాదమ్మా" అన్నాడు మావయ్య. "ఫోను పక్కనే కూకునీది. మిషన్లోంచి నీ గొంతు వినపడీది. సెలవురోజున ఇంట్లో ఉంటే నేను ఎత్తబోయీవాణ్ని. నా సెయ్యి పట్టుకుని ఆపీసీది. 'మనం ఎత్తితే ఆ పిల్ల ఏడుస్తాది. ఎత్తకపోతే పాడతాది' అనీది."

నిజమే, ఎత్తి ఉంటే రోజూ ఏడ్చేదాన్ని. నన్ను ఓదార్చాలని ఆవిడకు మాత్రం ఉండదా? నా కోసం అదంతా దిగమింగుకుని కూర్చుంది.

"ఓపాలి పాడమ్మా" అన్నాడు మావయ్య. గొంతు సర్దుకుని ఆ వర్ణమే ఎత్తుకున్నాను. అనుపల్లవిలో ఉండగా ఆయన జేబులో సెల్లు మోగింది. ఆయన దాన్ని బయటికి తియ్యలేదు. చొక్కా మీంచే అరచేత్తో అదిమిపట్టి, కళ్లు మూసుకుని, నా పాట అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.