బర్త్‌డే అని చెప్పిన శుక్రవారం

హిందీ మాట్లాడే ఊళ్ళో తెలుగువాళ్ళుండే బస్తీ బర్మామైన్స్‌లో, మా మేనత్త ఇంట్లో ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రార్థన జరుగుతుంది. చరిత్రలో ఎం.ఏ. చేసిన పాపానికి, పోయినేడు ఒక శుక్రవారం నన్ను మాట్లాడమన్నారు. చర్చిలే లేని రోజుల్లో రోమ్‌లో తొలి క్రైస్తవులు ఇలాగే ఇళ్ళలో చేరేవారనీ, పట్టుబడినా చాలామంది తమ నమ్మకాన్ని దాచలేదనీ చెబుతున్నాను. బాగానే చెబుతున్నాననుకున్నాను కూడా.

అంతలో వాకిట్లో మోటారు సైకిళ్ళు ఆగాయి. అంతకు ముందు నెలే పక్క బస్తీలో, మతం మారుస్తున్నారంటూ ఇలాంటి ప్రార్థన మీద పడి కొట్టారు. తలుపు దగ్గర ఉన్నది నేనే. వచ్చిన ఐదుగురిలో ఒకడు, ఇక్కడేం జరుగుతోందని హిందీలో అడిగాడు. నా గొంతు నన్నడక్కుండానే "బర్త్‌డే" అంది.

"ఏటి బర్త్‌డేరా? సెమటలు కారిపోతన్నాయి నీకు," అంటూ అత్త నన్ను పక్కకు జరిపి, ప్రార్థన జరుగుతోందని వాళ్ళకు చెప్పి, లోపలికొచ్చి కూర్చోమంది. వాళ్ళు రాలేదు. మా అందరి ముఖాలూ ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్ళిపోయారు.

"వచ్చే శుక్రారం కూడా నువ్వే సెప్పాల," అంది అత్త.

"ఆళ్ళు మళ్ళీ వత్తేనో?"

"వత్తే వత్తారు. ఆ రోమోళ్ళ సంగతి సగంలో వదిలేసావు."

సరేనన్నాను. ఆ వారమంతా వీధిలో ఏ బండి ఆగినా నా నోటి దగ్గర ముద్ద కూడా ఆగింది.