ఫోన్ ఎత్తని మనిషికి వచ్చిన కోడిపిల్లలు

నైరోబీలో సాయంత్రం బయల్దేరిన బస్సు మ్బిటా ఊరు చేరేసరికి ఇంకా తెలవారదు. సరస్సు మీదినుంచి చలిగాలి వీస్తుంటే అపోండి శాలువా బిగించుకుని పార్సిల్ ఆఫీసు తలుపు తీస్తుంది. కండక్టర్ ఒగాడా బస్సు అడుగున ఉన్న సామాన్ల అర తెరిచి మూటలు ఒక్కొక్కటే అందిస్తాడు. ప్రతిదాని మీదా లావుపాటి అక్షరాలతో పేరు, ఫోన్ నంబరు. దర్జీకి జిప్పులు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాడికి అద్దాలు, జడలల్లే అమ్మాయికి సవరాలు. దుకాణం తెరిచే వేళకు సరుకు అందకపోతే వాళ్లకు ఆ పూట పని లేనట్టే. అందుకని ఏడు కొట్టేలోపు అందరికీ ఫోన్ చేయడం ఆమె పని.

"నీ మూట వచ్చింది, గుర్తింపు కార్డు తెచ్చుకో."

భర్త పోయాక సియాయా నుంచి ఒంటరిగా వచ్చి ఈ ఉద్యోగంలో చేరింది. పదకొండేళ్లయింది. ఊళ్లో ఎవరి గొంతు ఏదో కళ్లు మూసుకుని చెప్పగలదు. కానీ మూట చేతిలో పడ్డాక ఎవరూ నిమిషం నిలబడరు. ఎనిమిదింటికల్లా అరలు ఖాళీ అయిపోతాయి. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆమే, ఆ చెక్కబల్లే.

వానలు మొదలైన రోజుల్లో ఒకనాడు ఒగాడా చిల్లులున్న అట్టపెట్టె దించాడు. లోపల ఒకటే కిచకిచలు.

"రాత్రంతా కన్ను మూయనివ్వలేదక్కా! మా ఆవిడే నయం, మధ్యలో ఊపిరైనా తీసుకుంటుంది."

వంద కోడిపిల్లలు. గుడ్డులోంచి బయటపడి ఒక్కరోజే అయింది. పెట్టె మీద ఓయుగి అనే పేరు, సరస్సులోని మ్ఫంగానో దీవి చిరునామా. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. పదిసార్లు చేసింది. పంపిన వాళ్లకు చేస్తే, "బస్సెక్కించడంతో మా పని అయిపోయిందమ్మా" అన్నారు.

"ఎవరూ రాకపోతే రాత్రి బస్సులో వెనక్కి పంపెయ్, రూలు అంతేగా," అన్నాడు ఒగాడా.

"ఇంకో రాత్రి ప్రయాణమా? అక్కడ దించుకునేది పీనుగులనే."

మిగతా మూటలవాళ్లకు ఫోన్లు చేసి, ఎవరివి వాళ్లకు ఇచ్చేసి, పట్టపగలు ఆఫీసుకు తాళం వేసింది. పదకొండేళ్లలో అదే మొదటిసారి. పెట్టె ఒళ్లో పెట్టుకుని పడవెక్కింది. జల్లు పడితే శాలువా తీసి పెట్టెకే కప్పింది. పడవవాడు పేరు చూసి నిట్టూర్చాడు. "ఓయుగి పెద్దాయనకా? భార్య పోయి పది రోజులైంది. పరామర్శ ఫోన్లు భరించలేక ఆపేసుకున్నట్టున్నాడు."

ఓయుగి వాకిట్లో అద్దె కుర్చీలు ఇంకా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయారు. ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు.

"మ్బిటా పార్సిల్ ఆఫీసు నుంచి వచ్చాను బాబాయ్. మీ కోడిపిల్లలు."

ఆయన పెట్టెను చేత్తో వెనక్కి నెట్టాడు. "మా ఆవిడ డోర్సిలా పంపమని చెప్పి పెట్టినవి ఇవి. పెంచుతానన్న మనిషే లేదు, నాకెందుకు? తీసుకుపో తల్లీ."

"తీసుకుపోయి ఎక్కడ పెట్టుకోను? నాకున్నది ఆఫీసు వెనక ఒక్క గది. వీటికి చలేస్తోంది. ముందు కుంపటి ఎక్కడుందో చెప్పు."

ఆయన లేచి బొగ్గులు రాజేశాడు. ఇద్దరూ నేలమీద కూర్చుని తాగడం తెలిసేలా ఒక్కో పిల్ల ముక్కూ నీళ్లలో ముంచి వెచ్చటి చోట వదిలారు. మూడు అప్పటికే చచ్చిపోయాయి. ఓయుగి వాటిని బొప్పాయి చెట్టు కింద పాతిపెట్టి వచ్చి, "పది రోజులయ్యాక మళ్లీ ఇంట్లో చప్పుడు వినబడుతోంది," అన్నాడు. అపోండి కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వేసింది. భర్త పోయాక ఆమె కూడా అలాంటి చప్పుడు లేని ఇంట్లో ఉన్నదే.

ఆఖరి పడవకు తిరిగి వచ్చేసరికి రాత్రి బస్సుకు వేయాల్సిన మూటలు పట్టుకుని తొమ్మిదిమంది గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

"ఏమ్మా, దీవిలో మొగుణ్ణేమైనా చూసుకున్నావా?" అంది జడలల్లే అమ్మాయి. అందరూ నవ్వారు. అపోండి కూడా నవ్వి తాళం తీసింది.

వారం తర్వాత ఓయుగి ఫోన్ చేశాడు. "పిల్లలు కునుకుతున్నాయి. ఏం చేయాలి తల్లీ?"

"నాకు కోళ్ల సంగతి తెలీదు బాబాయ్. ఉండు, కనుక్కుంటాను."

దాణా మూట తీసుకోవడానికి వచ్చినవాణ్ణి అడిగి చెప్పింది. నైరోబీ నుంచి ఐసులో పెట్టిన టీకామందు తెప్పించి పడవలో పంపింది. ఆపైన మూడునాలుగు రోజులకోసారి ఫోన్ మోగేది. ముందు కోళ్ల మాటలు, తర్వాత వాన, చేపలు, డోర్సిలా వంట. అన్నం తిన్నావా అని అడిగేవాడు. ఆ మాట ఎవరైనా ఆమెను అడిగి ఎన్నేళ్లయిందో! సాయంత్రం మూటలు వచ్చేలోపు ఫోన్ బల్లమీద ఎదురుగా పెట్టుకుని కూర్చునేది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, "కోళ్లన్నీ అమ్మేశాను తల్లీ. కిసుములో మా అమ్మాయి రమ్మంటోంది. రేపే ప్రయాణం," అన్నాడు.

"మంచిది బాబాయ్. ఒక్కడివే ఉండకూడదు."

ఇంకేదో అనాలనుకుంది. ఇంతలో పొద్దున రాలేకపోయిన వలలు అల్లేవాడు దారపు కండెల మూట కోసం వచ్చి నిలబడ్డాడు. ఫోన్ పెట్టేసి, కార్డు చూసి, సంతకం పెట్టించుకుని మూట ఇచ్చింది. అతను అప్పటికే గుమ్మం దాటుతున్నాడు.

"తమ్ముడూ, మీ ఇంట్లో కోళ్లున్నాయా?"

"లేవక్కా. ఏం?"

"ఏం లేదు, ఊరికే అడిగాను."