‘ఇయ్యాల్టికి’ అని మొదలయ్యే జవాబులు

మే నెలాఖరులో ఒక ఉదయం ట్రాలీ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, టీచరమ్మ లేదు" అన్నాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాను. చావు కబురుకు అది మోటు ప్రశ్నే. కానీ అతనేమీ అనుకోలేదు. మా ఇద్దరికీ ఆ ప్రశ్న నేర్పింది ఆమే.

"డాక్టర్ జెప్పిండన్నా. నేను దవాఖానలనే ఉన్న" అన్నాడు. "నేను గూడ సూసిన."

ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఆమె శంషాబాద్‌లో హైవేను ఆనుకున్న గల్లీలో ఉండేవారు. సర్కారు బడిలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. 2008 మొదట్లో కొత్త విమానాశ్రయం వార్తలు రాయమని పత్రిక నన్ను అక్కడికి పంపితే, ఆమె ఇంటి మేడ మీద గదిలో కిరాయికి దిగాను. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. ఆదివారం చర్చి. మిగతా సాయంత్రాలు వరండాలో జనరల్ నాలెడ్జ్ క్లాసు. కానిస్టేబుల్, వీఆర్వో, గ్రూప్స్ పరీక్షలు రాసేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారు. విమానాశ్రయం వచ్చాక షిఫ్టు దిగి యూనిఫాం మార్చుకోకుండానే వచ్చి కూర్చునేవాళ్లూ తోడయ్యారు. ట్రాలీ తమ్ముడు వాళ్లలో ఒకడు. ప్రయాణికులు ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీలను వరుస కట్టి తోసుకురావడం అతని పని. క్లాసులో అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు.

ఆ క్లాసులో మెచ్చుకోలు ఉండేది కాదు. జవాబు చెప్పేవాళ్లు లేచి నిలబడాలి. తప్పయితే ఆమె "నిలవడు" అనేవారు. ఒప్పయితే "కూసో" అనేవారు. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు. ఆ "కూసో" కోసం పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లల్లా ఎదురుచూడటం నేను మేడ మెట్ల మీద కూర్చుని చాలాసార్లు చూశాను.

బేగంపేట పాత విమానాశ్రయం నుంచి విమానాలు ఇక్కడికి మారబోతున్న మార్చిలో ఒక సాయంత్రం ఆమె అడిగారు, హైదరాబాద్ విమానాశ్రయం ఎక్కడుందని. ముందు వరసలో ఒకడు ఛాతీ విరుచుకుని లేచాడు.

"మన శంషాబాద్, టీచర్!"

"నిలవడు."

"అయ్యో టీచర్, గంత పెద్దగ కట్టిన్రు, కనవడ్తలేదా?"

"కనవడ్తున్నది. విమానం దిగిందా?"

"రేపు దిగుతది గదా."

"గట్లైతే రేపు కూసో."

అందరూ నవ్వారు, అతను కూడా. ఆ రోజు నుంచి ఆ వరండాలో ఒక పద్ధతి పడింది. ఏ జవాబైనా ‘ఇయ్యాల్టికి’ అని మొదలుపెట్టాలి. ఇయ్యాల్టికి గ్రహాలు ఎనిమిది. ఇయ్యాల్టికి ఓటు వయసు పద్దెనిమిది. "తెల్సు అంటే సాలదు, ఎప్పటికి తెల్సు?" అనేవారు ఆమె. గోడ మీద పాత సౌర కుటుంబం పటం ఉండేది. ప్లూటోను ఆమె చెరిపేయలేదు. దాని మీద చిన్న కాగితం అంటించారు, అంచు లేపితే కింద కనబడేలా. ఒకప్పుడు ఏమనుకునేవాళ్లమో కూడా తెలియాలట.

తన తప్పును ఒప్పుకోవడంలోనూ అంతే. మన జాతీయ క్రీడ హాకీ అని ఆమె బడిలో ఏళ్లతరబడి చెప్పారు. ఏ ఆటనూ అలా ప్రకటించలేదని సమాచార హక్కు కింద అడిగితే కేంద్రం జవాబిచ్చినట్టు 2012లో పత్రికల్లో వచ్చింది. మర్నాడు క్లాసులో ఆమే ఆ సంగతి చెబితే, "గిన్నేండ్లు మాకు తప్పు జెప్పిన్రా టీచర్?" అని ఎవరో ఆటపట్టించారు. "చెప్పిన. ఇగ జెప్ప" అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

అయితే ఆమె గురించి రాయాలనుకోగానే నాకు ముందుగా గుర్తొచ్చేది అంతకుముందు సంవత్సరం, రిపబ్లిక్ డే నాడు చర్చి ఆవరణలో జరిగిన పోటీ.

ఊరి యువజన సంఘం ఏటా జనరల్ నాలెడ్జ్ పోటీ పెట్టేది. ప్రశ్నలు అడిగేదీ, తీర్పు చెప్పేదీ టీచరమ్మే. ఆ ఏడు కప్పుతోపాటు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో ఉచితంగా సీటు కూడా ఇస్తామన్నారు. ఆఖరికి ఇద్దరు మిగిలారు. ఒకరు ట్రాలీ తమ్ముడు. రెండోవారు దగ్గర్లోని కందుకూరు నుంచి వచ్చిన అమ్మాయి. డిగ్రీ అయిపోయి, కూరగాయల తోటలో ఇంట్లోవాళ్లతోపాటు పనిచేస్తోంది. సీటు వస్తే పట్నం పంపుతాం, రాకపోతే ఇక పరీక్షల ఊసెత్తొద్దని ఇంట్లో చెప్పి పంపారని తర్వాత తెలిసింది. ట్రాలీ తమ్ముడికీ ఆ సీటు అంతే అవసరం. ఇద్దరి పాయింట్లూ సమానం. మిగిలింది ఒకే ప్రశ్న.

"మన శంషాబాద్ మీదికెల్లి బెంగళూరు పొయ్యే జాతీయ రహదారి నంబరెంత?"

కందుకూరు అమ్మాయి ముందుగా చెయ్యెత్తింది. "నలభై నాలుగు."

ఆవరణంతా గొల్లుమంది. ఆ రోడ్డు గేటు బయటే ఉంది, మైలురాయి మీద అంకెతో సహా. దాని నంబరు ఏడని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. "ఓ చెల్లే, జర బయటికి పోయి రాయి సూసి రా!" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"నంబర్ మారింది టీచర్. పేపర్ల సదివిన" అంది ఆ అమ్మాయి.

"ఏడు" అన్నారు టీచరమ్మ. ట్రాలీ తమ్ముడిని అడిగితే అతనూ ఏడన్నాడు. కప్పు అతని చేతికొచ్చింది. ఫోటో తీసి పత్రికకు పంపింది నేనే.

ఆ సాయంత్రం ఆమె మేడెక్కి వచ్చారు. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లెక్కడం అరుదు. తలుపు దగ్గరే నిలబడి, "బిడ్డా, రేపు జర రోడ్లోళ్ల ఆఫీసుల అడుగుతవా? ఆ పిల్ల పేపర్ల సదివిన అన్నది. ఏ పేపర్, ఎప్పుడు అని నేను అడగలే. అందర్ని అడుగుత, దాన్ని అడగలే" అన్నారు.

మర్నాడు అడిగాను. అక్కడి ఇంజినీరు నవ్వాడు. "కిందటేడే మారింది సార్. దేశమంతా కొత్త నంబర్లు ఇచ్చిన్రు. రాళ్లే ఇంక మార్చలే" అని ప్రకటన ప్రతి ఇచ్చాడు. ఏడు కాదు, నలభై నాలుగు. తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకుని తేదీ దగ్గర వేలు పెట్టి చదివారు.

సంఘం పెద్దమనిషికి కబురు పెడితే ఆయన వచ్చి వరండాలో కూర్చున్నాడు. "అమ్మా, కప్పిచ్చినం, సప్పట్లు కొట్టినం, ఫోటో గిట్ల పేపర్ల పడ్డది. ఇగ ఇడిశిపెట్టుర్రి. జడ్జి మాటే ఫైనల్ అని మైకుల జెప్పినం గదా" అన్నాడు.

"పేపరోళ్లు తప్పు రాస్తే సవరణ ఏస్తరు. మేడ మీదనే ఉంటడు, అడుగు" అన్నారామె.

"మనూరి పిలగాని నోటికాడి ముద్ద గుంజుకుంటరా?"

ఆమెను ఇరకాటంలో పెట్టిన మాట అదొక్కటే. సాయంత్రం ట్రాలీ తమ్ముడు షిఫ్టు దిగి వచ్చాక, అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పారు.

"రాయి మీద ఏడే ఉన్నది గదా టీచర్. నేను సూసే జెప్పిన."

"నీది తప్పు గాదు బిడ్డా, నాది. రాయిని మార్చనీకి ఎవరన్న రావాలె. మనల మనమే మార్చుకోవాలె."

"సీటు పోతది."

"పోతది" అన్నారు. ఆమె అతన్ని ఓదార్చలేదు. రేపటి నుంచి క్లాసుకు గంట ముందు రమ్మని మాత్రం చెప్పారు. అతను లేచి వెళ్లిపోయాడు. మానేస్తాడనుకున్నాను. కానీ పొద్దున్నే కప్పును తువ్వాలలో చుట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇచ్చుడైతే నేనే ఇస్త" అన్నాడు.

ముగ్గురం తుక్కుగూడలో బస్సు మారి కందుకూరు చేరాం. ఆ అమ్మాయి తోట గట్టున టమాటాలు ఏరుతోంది. మమ్మల్ని చూసి కంగారుపడి వాళ్ల నాన్నను పిలిచింది. సంగతి విని ఆయన, "ఒక్క నంబర్ కోసం గింత దూరం వచ్చిన్రా టీచరమ్మా?" అన్నాడు.

"నంబర్ కోసం గాదు బాపూ. నీ బిడ్డ తప్పు జెప్పలే అని జెప్పనీకొచ్చిన. పది మందిల నవ్వినం గదా."

తర్వాత ఆ గట్టు మీదే ప్రశ్న మళ్లీ అడిగారు. అమ్మాయి చేతులు కొంగుకు తుడుచుకుని నిటారుగా నిలబడి, "నలభై నాలుగు" అంది.

"ఎప్పటికి?"

అమ్మాయికి అర్థం కాలేదు. ట్రాలీ తమ్ముడు పక్క నుంచి అందించాడు. "ఇయ్యాల్టికి అనాలె, చెల్లే."

"ఇయ్యాల్టికి నలభై నాలుగు."

"కూసో."

ఆమె బిత్తరపోయి చుట్టూ చూసింది. "కూసో అంటే నీది కరెక్ట్ అని" అన్నాడు ట్రాలీ తమ్ముడు. ఆమె బోర్లించిన టమాటా డబ్బా మీద కూర్చుంది. అతను తువ్వాల విప్పి కప్పు ఆమె ఒళ్లో పెట్టాడు. మా పత్రికలో సవరణ మూడు వాక్యాల్లో వచ్చింది.

సంఘం చివరికి ఒప్పుకుంది, ఆ అమ్మాయి కోచింగ్‌కు వెళ్లింది. ఇప్పుడు ఒక మండల ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ట్రాలీ తమ్ముడు ఇంకా ట్రాలీలే తోస్తున్నాడు, పరీక్షలు రాస్తూనే ఉన్నాడు. ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. అతనికోసం ఆ గంట ముందు క్లాసు మాత్రం ఆమె మంచం పట్టేదాకా ఆగలేదు. తనకు బాగోలేని రోజుల్లో కొత్తవాళ్లకు అతనిచేతే పాఠం చెప్పించేవారు. నేను మైలార్‌దేవ్‌పల్లికి ఇల్లు మారాక కూడా వారానికోసారి వెళ్లి మెట్ల మీద కూర్చునేవాణ్ని.

ఈ ఏడాది, 2014 ఫిబ్రవరిలో, తెలంగాణ రాష్ట్రం బిల్లు పార్లమెంటులో గట్టెక్కిన మర్నాడు గల్లీ అంతా గులాల్ పడి ఉంది. క్లాసుకు వచ్చినవాళ్ల జుట్ల నిండా రంగే. రాష్ట్రాలెన్ని అని అడిగితే అందరూ ఒక్కసారిగా ఇరవై తొమ్మిదన్నారు.

"అందరు నిలవడుర్రి."

"టీచర్, గిది గూడనా? మన రాష్ట్రమొచ్చినంక గూడనా?"

"రాలే. వస్తది. ఏ రోజో చెప్తరు. అందాక ఇరవై ఎనిమిదే" అన్నారు. వాళ్ల మొహాలు చూసి ఏమనుకున్నారో, ఎన్నడూ లేంది తన సంగతి చెప్పారు. "అరవై తొమ్మిదిల నేను కాలేజీల ఉన్న. ఊరేగింపుల నడిచిన, లాఠీదెబ్బ గూడ తిన్న. నాకు లేదా ఆత్రం? గిన్నేండ్లు ఆగిన, ఇంకిన్ని దినాలు ఆగలేనా?"

ఆ తర్వాత జూన్ రెండని ప్రకటించారు. ఆమె గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టారు. మే ఆఖరి వారం దాటలేదు.

జూన్ రెండు సాయంత్రం నేను వెళ్లేసరికి వరండా నిండి ఉంది. బయట బాణసంచా మోగుతోంది. కందుకూరు అమ్మాయి కూడా ఆఫీసు నుంచి వచ్చి చాప మీద కూర్చుంది. టీచరమ్మ కుర్చీ ఉన్నచోటే ఉంది. ట్రాలీ తమ్ముడు దాన్లో కూర్చోలేదు, పక్కన నిలబడి అడిగాడు.

"రాష్ట్రాలెన్ని?"

కందుకూరు అమ్మాయి లేచింది. "ఇయ్యాల్టికి ఇరవై తొమ్మిది."

జవాబు ఒప్పే. తర్వాతి మాట అతను అనాలి. అనకుండా కుర్చీ వైపు చూశాడు. ఆ అమ్మాయి కూర్చోలేదు. కాసేపటికి ఆమె పక్కనున్నవాళ్లు లేచారు, తర్వాత వెనక వరసవాళ్లు, మెట్ల మీది నుంచి నేనూ లేచాను. లైట్లు వేసే వేళయినా, అందరం ఆ కుర్చీకి ఎదురుగా నిలబడే ఉన్నాం.