సపోటా మోడుకు రాయణ్ చిగురు

పోయిన వారం అడాజన్ నుంచి, మా అత్త ఉండే అపార్ట్‌మెంట్ సొసైటీ చైర్మన్ ఫోన్ చేశారు. "ఫయిబా నహీ రహీ, బేటీ" అన్నారు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసిన మా మేనత్త మళ్లీ లేవలేదు. నాకు అత్త, ఆ సొసైటీ మొత్తానికి ఫయిబా. గుజరాతీలో ఆ మాటకు అర్థం మేనత్తే. నేను "అత్తా" అని పిలుస్తుంటే అర్థం అడిగి తెలుసుకుని, అందరూ అదే వరస కలిపేసుకున్నారు. ఏడ్చాను. కానీ ఆమెను తలుచుకుంటూ ఎక్కువసేపు ఏడవడం కష్టం. ఏదో ఒక చెట్టు కింద నవ్వుతూ నిలబడి కనిపిస్తుంది.

మామయ్య రైల్వే ఉద్యోగం వెంట అత్త కరీంనగర్ నుంచి సూరత్ వచ్చి, ఇక్కడే అడాజన్‌లో ఉంటూ బ్యాంకులో పనిచేసి రిటైరైంది. నేను ఉద్యోగానికని వచ్చి ఆమె ఇంట్లో దిగేనాటికే చెట్ల పిచ్చి బాగా ముదిరింది. ఎలా మొదలైందని అడిగాను.

"రోజూ ఒక చెట్టు నీడకే బస్సు కోసం నిలవడుతుంటి బిడ్డా. రిటైరైనంక యాదికొచ్చింది, దాని పేరు గూడ నాకు తెల్వదని. సిగ్గైంది."

ఆ చెట్టు కానుగ. అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఈ మట్టిలో పుట్టిన చెట్టు ఏది కనిపించినా దాని తెలుగు పేరూ గుజరాతీ పేరూ పట్టుకునేదాకా వదిలేది కాదు. ఖాఖరో అంటే మన మోదుగ, మహుడో అంటే ఇప్ప, శీమళో అంటే బూరుగ. "ముందుగాల నేల జూడు, తర్వాత కొమ్మ జూడు" అనేది. రాలిన పువ్వో కాయో అబద్ధం చెప్పదట. ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది. సిటీ బస్సు కిటికీలోంచి పూసిన మోదుగ కనిపించిందంటే మా స్టాపు కాకపోయినా దిగాల్సిందే.

గుల్‌మొహర్‌లాంటి పైదేశం చెట్లను "చుట్టాలు" అనేది. "చుట్టాలకు మర్యాద జేయాలె. గని ఇంటోళ్ల పేర్లే మర్చిపోతే ఎట్ల?"

అన్నీ సరిగ్గా చెప్పేదని కాదు. తాపీ ఒడ్డున పొద్దున నడిచేవాళ్లందరికీ ఒక చెట్టు చూపించి తానికాయ చెట్టని గట్టిగా చెప్పింది. కొన్నాళ్లకు దాని కింద బాదం కాయలు రాలాయి. ఎవరూ గమనించక ముందే తనే అందరినీ పిలిచి చూపించింది. "నన్ను ఫెయిల్ జేసింది బిడ్డా!" అని అందరికన్నా గట్టిగా నవ్వింది.

ఆ నవ్వులాటే తర్వాత ఆమెకు అడ్డమొచ్చింది. సొసైటీలో ఒక ముసలి సపోటా చెట్టుండేది. వానలకు కాండం కుళ్లితే మొదలుదాకా కొట్టేశారు. కొన్నాళ్లకు ఆ మోడు పక్కనుంచి చిగుళ్లు లేచాయి. అత్త వంగి ఒక ఆకు తుంచింది. పాలు కారాయి. కానీ ఆకు కొస సపోటాలా మొనదేలి లేదు, కొద్దిగా నొక్కుపడి ఉంది.

"గిది చిక్కు కాదు, రాయణ్! మన పాలపండ్ల చెట్టు!" అంది. ఇక్కడ సపోటాను చిక్కు అంటారు.

చైర్మన్‌కు అక్కడ స్కూటర్ల పార్కింగ్ కావాలి. మోడు తవ్వడానికి మనుషులను కూడా పిలిపించారు. "ఆ తో జంగ్లీ ఝాడ్ ఛే, ఫయిబా. అది అడవి చెట్టు. మీరు బాదాన్ని కూడా ఇంకేదో అన్నారు కదా" అన్నారు. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది, కానీ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మోడు పక్కన వేసుకుని కూర్చుంది. "జర రేపటిదాక ఆగుండ్రి" అని తెలుగులోనే చెప్పింది. ఎలా అర్థమైందో ఏమో, ఆగారు.

మర్నాడు నా స్కూటర్ మీద ఊరు దాటి ఓల్పాడ్ వెళ్లే దారిన పడ్డాం. పొలం గట్టున ఒక పాత రాయణ్ ఉందని ఆమెకు తెలుసు. దాని ఆకు కోసి, సంచిలోంచి మా సొసైటీ ఆకు తీసి, రెండూ సీటు మీద పక్కపక్కన పెట్టింది. అదే నొక్కు. ఎండలో ఆ రోడ్డు మీద నన్ను గట్టిగా వాటేసుకుంది.

"నర్సరీలల్ల రాయణ్ మొక్క మీదనే చిక్కు కొమ్మ అంటు గడతరంట. గిన్నేండ్లు మనం తిన్న చిక్కులన్ని దీని కాళ్ల మీద నిలవడ్డయే!"

చైర్మన్ రెండు ఆకులూ చాలాసేపు తిప్పి చూశారు. పండు కాస్తే ఉంచుతాను, లేకపోతే తవ్విస్తాను అన్నారు. స్కూటర్లు దాని చుట్టూ వంకరగా నిలబడటం అలవాటు చేసుకున్నాయి. ఏళ్లు గడిచాయి. పూత లేని వేసవి వచ్చినప్పుడల్లా ఆయన కిటికీలోంచి "ఫయిబా, రాయణ్ పండు ఎక్కడ?" అని అరిచేవారు. "ఆయేగా, ఆయేగా" అని ఈమె కింది నుంచి.

పోయిన ఎండాకాలం కాసింది. వేపపండంత, పసుపు రంగు పండ్లు. అత్త పళ్లెం నిండా కోయించి మొదట చైర్మన్ చేతిలోనే పెట్టింది. ఆయన గుప్పెడు నోట్లో వేసుకుని ఏదో అనబోయారు. మాట రాలేదు. పండు పాలకు పెదవులు అతుక్కుపోయాయి. ఆయన్ను చూసి నవ్విన ఆడవాళ్లు కూడా తిన్నారు, వాళ్లవీ అతుక్కున్నాయి. సొసైటీ అంతా మూతులు బిగించి "ఊఁ ఊఁ" అంటుంటే, కుర్చీలో మా అత్త, తన పెదవులు కూడా అతుక్కుని, నవ్వడానికి నోరు తెరుచుకోక, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, కళ్ల నీళ్లు కారుతూ, ఆగమన్నట్టు నా వైపు చెయ్యి ఎత్తింది.