బొంత మధ్య ముక్క

మా ఇంట్లో బొంతని అంచు నుంచి లోపలికి కుడతాం. అడుగున ఒక పాత పంచె, నడుమ అరిగిపోయిన తువ్వాళ్లూ లుంగీలూ, పైన చీరల ముక్కలు. నాలుగు అంచులూ మడిచి, ఒక మూల మొదలుపెట్టి చుట్టూ తిరిగి వస్తాం. ఒక చుట్టు పూర్తయ్యాక దానికి లోపలగా ఇంకో చుట్టు. చుట్లు చిన్నవవుతూ చివరికి మధ్యలో అరచేతికి రెండింతలంత చోటు మిగులుతుంది. పుట్టబోయే బిడ్డ కోసం కుట్టే బొంతలో ఆ చోటు తండ్రి వైపు వాళ్లది. ఆ ఇంట్లో బతికున్న పెద్దావిడ కట్టి కట్టి మెత్తబడిన చీర ముక్క అక్కడ పడాలి. ఇది మా అమ్మ వైపు ఆనవాయితీ.

మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు ఆ ముక్క ఇవ్వలేదు. అమ్మ ముందు కబురు పంపింది. తరవాత నాన్నే స్వయంగా వెళ్లి అడిగాడు. ఆవిడ కాఫీ ఇచ్చి, ఆడపిల్లకి అంత హడావిడి ఎందుకండీ అన్నారట. నాన్న ఆ కాఫీ తాగి వచ్చేశాడు. అమ్మ ఆయన పంచెలోంచి తెల్ల గుడ్డ కత్తిరించి మధ్యలో వేసి కుట్టేసింది. ఆ బొంత ఇప్పటికీ నా బీరువాలో ఉంది. చిన్నప్పుడు మా అమ్మాయి దాని మీద పడుకుని, ఇక్కడ మాత్రం రంగు ఎందుకు లేదమ్మా అని అడిగేది. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. మా అత్తగారు పోయి చాలా కాలమైంది. నేను మాత్రం ఆ కాఫీని మరిచిపోలేదు.

అందుకే మా అమ్మాయి నెల తప్పిందని తెలిసిన రోజే అనుకున్నాను. ఈసారి బొంతలో తెల్ల ముక్క పడకూడదు.

మాది కృష్ణా జిల్లా. మా వారి ప్రభుత్వోద్యోగం వల్ల హైదరాబాదు వచ్చి మణికొండలో ఫ్లాటు కొనుక్కున్నాం. మా అమ్మాయీ అల్లుడూ హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు. ఒకరినొకరు ఇష్టపడ్డారు, మేం పెళ్లి చేశాం. అల్లుడి వాళ్లది పుప్పాలగూడ. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు కారు, తాతల నాటి నుంచీ ఆ ఊరివాళ్లు. ఒకప్పటి వాళ్ల చేలల్లో ఇప్పుడు టవర్లు లేచాయి. పాత ఇంటినే మూడంతస్తులు చేసుకుని, అల్లుడి నాయనమ్మతో సహా, ఆ టవర్ల నడుమ ఉంటున్నారు.

మా వియ్యపురాలి నోటికి అదుపు లేదు. పెళ్లి భోజనాల్లో మా బెల్లం పులుసు రుచి చూసి, పాయసం ముందే వడ్డించిన్రా అని పక్కవాళ్లని అడిగింది. సరే, పెళ్లి కదా అని ఊరుకున్నాను. సీమంతం నాడు ఎవరో నన్ను, మనవడికో మనవరాలికో ఏం సిద్ధం చేస్తున్నారని అడిగారు. బొంత కుడదామనుకుంటున్నానండీ అన్నాను. నా ఎదురుగానే కూర్చుని ఉంది వియ్యపురాలు.

"గిప్పుడు బొంతలెవలు కప్పుతరు వదినా? మా ఇంట్ల బొంత మీద కుక్క పండుకుంటది."

హాలంతా నవ్వింది. ఆవిడ అక్క, చిలకపచ్చ చీర కట్టుకున్నావిడ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది. నేను అక్షింతల పళ్లెం పట్టుకుని నిలబడిపోయాను.

మర్నాడే కుట్టడం మొదలుపెట్టాను.

మా ఫ్లాట్లో వెలుతురు అంత తేలికగా దొరకదు. పక్కన లేచిన టవరు మా ఎండని మింగేసింది. దాని మీద అసోసియేషన్‌కి రాశాను, మున్సిపాలిటీకి రాశాను. మా పరిధిలోకి రాదని ఇద్దరూ జవాబిచ్చారు. ఇద్దరి మీదా మళ్లీ రాశాను. అది వేరే కథ. పొద్దెక్కాక భోజనాల వేళ దాకా మాత్రం డైనింగ్ టేబుల్ మీద కాస్త ఎండ పడుతుంది. ఆ కాసేపూ నేను ఫోను ఎత్తను, తలుపు తీయను. అమ్మ వాడిన పొడుగు సూదే నాదీ. దాని కన్ను పెద్దది, రెండు పోగుల దారం ఒకేసారి పడుతుంది. రోజూ ఒక చుట్టు. ఒంట్లో బాగున్నా లేకపోయినా ఒక చుట్టు. అంచుకి అమ్మ వెంకటగిరి చీర, దాని లోపల నా మంగళగిరి చీరలు, ఆ లోపల మా అమ్మాయి కాలేజీ రోజుల చున్నీలు. మడత పెట్టి ఎత్తి చూస్తే బరువు తెలిసేది. ఆ బరువు నాకు ధైర్యంగా ఉండేది.

నెలలు నిండుతుండగా మా అమ్మాయిని పురిటికి తెచ్చుకున్నాం. అది పక్క గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకునేది. దానికి బీపీ మొదలైంది. ఇలాగే పెరిగితే ముందుగానే ఆపరేషన్ చేసి బిడ్డని బయటికి తీయాలని డాక్టరు చెప్పింది. ఇంట్లోకి బీపీ మిషన్ కొన్నాం. ఈ గదిలో నేను చుట్టు తిప్పుతుంటే ఆ గదిలో మిషన్ పట్టీ గాలి నింపుకునే చప్పుడు. నా చుట్లు లోపలికి వెళుతున్నాయి, దాని అంకెలు పైకి వెళుతున్నాయి. ఏది ముందు చివరికి చేరుతుందో తెలియలేదు.

మధ్య చోటు దగ్గర పడింది. ఇక అడగక తప్పదు.

"నువ్వే ఫోన్ చెయ్యమ్మా అత్తయ్యకి. ఒక్క నిమిషం పని," అంది మా అమ్మాయి.

"కుక్క పడుకునేదానికి ముక్క పెట్టమని అడగాలా?"

"అయితే తెల్లదే వెయ్యి."

స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే అంది.

ఆ సాయంత్రం అల్లుడు వచ్చినప్పుడు చెప్పాను. మీ నాయనమ్మగారు బాగా కట్టి మెత్తబడిన నేత చీర ఒకటి కావాలని, బొంతలోకని, అమ్మగారికి చెప్పమన్నాను. చెప్తా అత్తమ్మా అన్నాడు. మంచివాడే. అయితే వాళ్లమ్మ ముందు నోరు పెగలదు.

రెండు రోజులకి సంచీ తెచ్చాడు. విప్పాను. ఎర్రంచు పట్టుచీర, కొత్తది, షాపు కాగితం ఇంకా దానికే ఉంది. పైన జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ పొట్లాలు. నేను అడిగింది పాతదని అల్లుడితో అన్నాను. అమ్మ ఇదే ఇచ్చింది, నాకేం తెల్వదన్నాడు. చీర అంచు నా చేతిలో గరగరమంది. పసిగుడ్డు ఒంటికి తగలాల్సిన ముక్కా ఇది? పాత నేత చీర అడిగితే పట్టు పంపడమంటే, మీకు గుడ్డకి గతి లేదు కాబోలు, ఇదిగో తీసుకోండి అనడమే. నాకు అలాగే అర్థమైంది. సంచీ ఎలా వచ్చిందో అలాగే కట్టి, పసుపు కుంకుమలతో సహా, అల్లుడి చేతికే తిరిగి ఇచ్చేశాను.

అల్లుడు సంచీ వైపూ నా వైపూ చూసి, దాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వారం పుప్పాలగూడ నుంచి ఫోను లేదు. మా అమ్మాయికి వాళ్లాయనతో మాటలు తగ్గాయి. పరీక్షకి వెళితే డాక్టరు అంకెలు చూసి, ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా అంది. అది నా వైపు చూసింది. ఆ చూపు కూడా నాకు గుర్తుంది.

ఆ మధ్యాహ్నం వియ్యపురాలే ఫోను చేసింది.

"వియ్యపురాలికి పెట్టిన చీర వాపస్ పంపుతరా వదినా? మా ఇంటా వంటా లేదిది. మా అత్త కట్టి ఇడిసిన చీర మీకు పెడ్తె రేపు నలుగురు నన్నేమంటరు?"

"నేను పెట్టమనలేదండీ. ముక్క అడిగాను. పెట్టడం వేరు, అడగడం వేరు."

"ఇంటికెల్లి చీర బయటికి పోయిందంటే పెట్టినట్టే. పాతది పెట్టుడు మాకు అలవాటు లేదు."

"కుక్కలకి పెట్టే అలవాటుందిగా," అన్నాను.

అవతల ఫోను పెట్టేసింది. చెప్పాల్సిందే చెప్పాను. అయినా ఆ రోజు చుట్టు వంకర పోయింది, విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

ఆ వారంలోనే ఒక పొద్దున మా అమ్మాయి కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయంది. మిషన్ పెట్టి చూసి, చూసిన అంకె దానికి చెప్పకుండా కారెక్కించాం. ఆసుపత్రిలో నేరుగా లోపలికి తీసుకుపోయారు. మా వారూ అల్లుడూ కాగితాల పని మీద కింద తిరుగుతున్నారు. నేనూ వియ్యపురాలూ థియేటర్ బయట ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. మా మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఆవిడ తన సంచీ పెట్టింది. నేనేమీ పెట్టలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం, మళ్లీ కూర్చునేవాళ్లం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆడపిల్ల. చాలా చిన్నది. కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచాలన్నారు. మా అమ్మాయికి బీపీ దిగడానికి ఇంకా టైము పట్టింది. బిడ్డని అద్దంలోంచి చూపించారు. ఒంటి మీద గుడ్డ కూడా ఎక్కువైనట్టు అంత బక్కగా ఉంది. అప్పుడు నాకు మధ్య చోటు కళ్ల ముందు కనపడింది. అంచంతా మూసి, నడుమ తెరిచిపెట్టిన చోటు.

తల్లినీ బిడ్డనీ రేపు ఇంటికి పంపుతామన్న రోజున మా వారిని ఆసుపత్రిలో ఉంచి నేను మణికొండ వచ్చాను. ఎండ టేబుల్ మీదికి వచ్చింది. బొంత పరిచాను. బీరువాలోంచి మా వారి పాత పంచె తీశాను. అమ్మ కూడా ఆ రోజు ఇలాగే తీసి ఉంటుంది. గుడ్డ మడత పెట్టాను, కత్తెర పట్టుకున్నాను. కొయ్యలేకపోయాను. మళ్లీ మడత సరిచేశాను. వేరే దారి లేదని నాకు నేనే చెప్పుకుని కత్తెర తెరిచేసరికి బెల్లు మోగింది. ఆ వేళప్పుడు నేను తలుపు తీయనని అపార్ట్‌మెంటంతటికీ తెలుసు. అది మోగుతూనే ఉంది.

వియ్యపురాలు. ఒక్కతే వచ్చింది. చెప్పులు విడిచి, నన్ను దాటుకుని లోపలికి వచ్చి, చేతి సంచీలోంచి ఒక చీర తీసి బొంత మీద పడేసింది. నారాయణపేట నేత చీర. రంగు వెలిసి, ఏ చోట పట్టుకున్నా వేళ్ల మధ్య నీళ్లలా జారుతోంది. నొప్పుల మందు వాసన వేస్తోంది.

"గీ చీర మీకు ఇస్తలేను వదినా," అంది. "మా మనుమరాలికి నేను ఏస్కుంటున్న. సూదేది?"

అంటే ఆవిడ పెట్టడమూ లేదు, నేను తీసుకోవడమూ లేదు. ఆ మాట పట్టుకుని వాదించడానికి నాకు సందు దొరకలేదు. సూదిని చేతికి ఇస్తే గొడవలొస్తాయని వాళ్లలోనూ ఉందట, మాలోనూ ఉంది. ఇంకా రావలసిన గొడవలేవో మిగిలినట్టు, నేను అమ్మ సూదిని బొంత మీద పెట్టాను. ఆవిడ అక్కణ్నుంచి తీసుకుంది.

బల్ల మీద ఎవలన్న కుడ్తరా అంటూ బొంతని కిందకి లాగి, నేల మీద కాలు చాపి కూర్చుని, చీర కొంగు వైపు ముక్క చించి, మధ్యలో పరిచి కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టు సగం వేలంత. నేను నెలల తరబడి బియ్యపు గింజంత కుట్లు వేసుకుంటూ వచ్చాను.

"కాస్త చిన్నగా వేయండి వదినగారూ."

"గట్టిగుంటది లెండి."

అప్పుడు ఆగలేకపోయాను. బొంత మీద కుక్క పడుకుంటుందన్నారు, నలుగురిలో, అన్నాను. ఆవిడ తల ఎత్తలేదు.

"పెండ్లైన కొత్తల మా అత్త ఎండకాలమంత నాతోని బొంతలు కుట్టించింది. ఇంటిల్లిపాదికి. వేళ్లకు పొక్కులు లేస్తె, మీ అవ్వ ఏం నేర్పింది నీకు అన్నది. నన్ను కన్న అవ్వను నడుమిట్లకు గుంజింది. ఆ బొంత మీద కుక్కను పండవెట్టింది నేనే."

"ఎప్పటి మాట అది?"

"మీ అల్లుడు ఇంక పుట్టలే."

"ఇంకా గుర్తుందా?"

"మర్చిపోతనా?"

ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చినట్టు కనపడనివ్వలేదు. ఈ చీర మీ అత్తగారు ఎలా ఇచ్చారని మాత్రం అడిగాను.

"పిల్లకు అంటే వెంటనే ఇచ్చింది. ఇచ్చుకుంట గూడ, కుట్లు చిన్నగెయ్యి అన్నది." దారం బలంగా లాగింది. "అందుకే పెద్దగేస్తున్న."

ముడి వేసి, దారం పళ్లతో కొరికి, లేచి నిలబడింది. ముడి పై వైపే వేసింది, కనపడేలా. కాఫీ పెడతానన్నాను. ఆసుపత్రికి పోవాలి, బిడ్డ దగ్గర ఎవలన్న ఉండాలె అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు బిడ్డని తెచ్చి ఆ బొంత మీద పడుకోబెట్టాం. దాని వీపు సరిగ్గా మధ్య ముక్క మీద పట్టింది, అంతకన్నా పెద్దది కాదు. మా అమ్మాయి వంగి ఆ ముక్కని వేలితో తడిమి చూసింది. నన్నేమీ అడగలేదు.

ఆ పెద్ద కుట్లు విప్పి మళ్లీ వేద్దామని రోజూ అనుకుంటాను. పిల్ల ఎప్పుడూ దాని మీదే ఉంటోంది, కుదరడం లేదు. సీమంతం నాటి మాట, ఆ చిలకపచ్చ చీరావిడ నవ్వు ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉన్నాయి.

అమ్మ సూది మాత్రం లేదు. ఆ రోజు వియ్యపురాలు లేస్తూ దాన్ని అలవాటుగా తన పైటకి గుచ్చుకుని, అలాగే వెళ్లిపోయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు. నేను అడగను. అడిగితే కొత్త సూదుల పెట్టె పంపిస్తుంది, జాకెట్టు గుడ్డతో సహా.