నాయిన కాలికి నలుగురి కట్లు

ఇంట్లో ఒకరి కాలు కాలితే చాలు, వీధి వీధంతా డాక్టర్లయిపోతారు. గద్వాలలో మా నేతగాళ్ల వీధికైతే ఆ చదువు రాత్రికి రాత్రే వచ్చేసింది.

మా నాయిన అనంతయ్య పన్నెండో ఏట, నేలలో తవ్విన మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. నూలు చీరకు పట్టు అంచు కలిపేటప్పుడు పోగు తెగితే కళ్లతో వెతకడు, వేళ్లతోనే పట్టేస్తాడు. మాటల్లో మాత్రం మహా పొదుపు. చీర బాగుందన్నా, అంచు వంకర పోయిందన్నా ఆయన నోట వచ్చేది "సరేలే" ఒక్కటే. ఆ సరేలేతో నా ప్రాణం విసిగిపోయింది.

ఎండాకాలంలో పట్టుకు రంగు వేస్తుంటే ఉడికే రంగునీళ్ల గంజు ఒరిగి ఆయన కుడి పాదం మీద పడింది. వేళ్ల దగ్గర్నుంచి చీలమండ దాకా చర్మం ఊడిపోయింది. కర్నూలులో ఆపరేషన్ చేసి, తొడ మీది చర్మం పలచగా తీసి పాదానికి అతికించారు. ఐదో రోజు కట్టు విప్పి చూసి డాక్టరమ్మ సంతోషపడింది.

"బాగా పట్టిందమ్మా. ఇక కాపాడుకోవడం మీ చేతిలో ఉంది. రెండు రోజులకోసారి ఈ నూనె పూసిన జాలీ గుడ్డ వేసి, పైన దూది, ఆ పైన సాగే పట్టీ చుట్టండి. కాలు ఎత్తు మీద ఉండాలి. తొడ కట్టు జోలికి పోవద్దు, ఎండి దానంతటదే ఊడుతుంది. పాదం మీది చర్మం చచ్చిపోయిందంటే మళ్లీ కోయాల్సిందే," అంది.

పాదం మానకపోతే మగ్గం తొక్కేదెట్లా? ఆయనకు తెలిసిన పని అదొక్కటే. అమ్మకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి కట్టు పని నా నెత్తిన పడింది.

ఇంటికి వచ్చిన మర్నాడే పక్కింటి రేణుకమ్మ పెద్దమ్మ వచ్చి నాయిన మంచం దగ్గర చతికిలబడింది.

"కాలింది కాలైతే తొడకు కట్టేందే పావనీ?"

"తొడ మీది తోలు తీసి కాలికేసిన్రు పెద్దమ్మా."

"అయ్యో, ఒక్క పుండుకు రెండు పుండ్లు జేసిన్రా! గిట్ల మూసిపెడితే చీము పడుతది బిడ్డా. జర గాలి తగలనియ్యి, ఎండాలె."

ఆమె అటు పోయిందో లేదో వీపనగండ్ల నుంచి మేనత్త కొడుకు వెంకటేష్ దిగాడు. నిరుడు బండి మీద నుంచి పడి మోకాలికి ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నాడు. ఇక ఆగుతాడా!

"గిదేం కట్టు మామా, పాతకాలంది! నాకు హైదరాబాద్‌ల గాజు కాయితం లెక్క ఒకటి అంటించిన్రు. ఎండనే ఎండొద్దట, తడి మీదనే మానాలెనట."

ఒకరేమో ఎండాలి, ఇంకొకరేమో ఎండొద్దు! సూదిమందు వేయడానికి వచ్చే ఆర్‌ఎంపీ నాగేశ్ మూడో మాట చెప్పాడు. రోజూ కడగాలట, పౌడర్ చల్లాలట. ముగ్గురికీ నాయిన చెప్పిన జవాబు మీకు తెలిసిందే. నాకు ఒళ్లు మండిపోయింది. నీ కాలయ్యా అది, నీకొక మాట లేదా?

ఇంతా చెప్పి నేనేదో బుద్ధిమంతురాలిననుకోకండి. రెండోసారి కట్టు విప్పినప్పుడు దూది తడిగా కనిపించింది. "సలుపుతుంది బిడ్డా," అన్నాడు నాయిన. అంతే! జాలీ గుడ్డ పక్కన పడేసి పెద్దమ్మ చెప్పినట్టు గాలికి ఆరబెట్టాను. మళ్లీ సలుపుతుందన్నాడు. వెంకటేష్ చేత గాజు కాగితం తెప్పించి అంటించాను. దాని కింద నీరు చేరింది, మళ్లీ సలుపన్నాడు. దాన్నీ పీకి, నాగేశ్ చెప్పినట్టు రోజూ కడిగి పౌడర్ చల్లడానికి దిగాను. పౌడర్ వేశాక మాత్రం ఆయన నొప్పి ఊసెత్తలేదు. హమ్మయ్య, దొరికింది అసలు మందు అనుకున్నాను.

కట్టు మార్చే చోటు కూడా మొదటి కట్టు నాడే నేనే కనిపెట్టాను. మంచం మీదైతే నడుం వంచి చచ్చేదాన్ని. అందుకని నాయినను మగ్గం దగ్గర ఆయన రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి, కాళ్లు గుంతలోకి దించమన్నాను. నేను గుంతలోకి దిగి కూర్చుంటే పాదం సరిగ్గా నా చేతుల ముందుకు వచ్చేది. మగ్గం మీది బల్బు కిందికి దించితే వెలుతురుకు కొదవ లేదు. అతుక్కున్న గుడ్డ నానబెట్టడానికి అరగంట, ఆరబెట్టడానికి ఇంకో అరగంట. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు వారాలకు కర్నూలు పోయాం. పట్టీ విప్పగానే డాక్టరమ్మ మొహం మాడిపోయింది. చీలమండ వైపు సగం చర్మం నల్లబడి, కింద నీరు ఊరి, తడి కాగితంలా కదులుతోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గాలి సంగతి, గాజు కాగితం సంగతి, పౌడర్ సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, "వీటిల్ల ఏది ముంచింది మేడమ్?" అని అడిగాను.

"పౌడర్ ఎందుకు చల్లావమ్మా, నేను చెప్పానా? కానీ ఇంత నష్టం కట్టు వల్ల రాదు. ఇది రక్తం కిందికి దిగి నిలిచిపోయిన కాలు. వేలాడేశారా?"

"లేదు మేడమ్! మూడు దిండ్ల మీదనే పెట్టినం."

"మరి కట్టు మార్చేటప్పుడు?"

చెప్పాను. మగ్గం గుంత అంటే ఏమిటో కూడా వివరించాను. ఆమె చేతిలోని కలం బల్ల మీద పెట్టి నా మాటే తిప్పి చెప్పింది. పట్టీ విప్పి, రోజుకు గంటసేపు, పాదం గుంతలో వేలాడేసి! ఇప్పుడు చచ్చిన చర్మం తీసేసి, రెండో తొడ మీద కోసి, మళ్లీ అతికించాలంది. మగ్గం మాట ఇంకో నాలుగు నెలలు ఎత్తొద్దంది. నాయిన తలూపాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక నాకు కోపం ఆగలేదు. పెద్దమ్మ మీదనా, వెంకటేష్ మీదనా, నా మీదనా, ఎవరి మీదో తెలియని కోపం. దొరికింది నాయిన.

"కాలు కిందికేస్తే నొయ్యలేదా నాయినా?"

"నొచ్చింది. పగులుతదేమో అన్నట్టుండె."

"మరి నోరు లేదా నీకు? చెప్పొద్దా నాకు?"

ఆయన నా వైపు చూడకుండా పాదం మీది కొత్త కట్టును చూస్తూ అన్నాడు.

"మొదట చెప్తి గద బిడ్డా. నొస్తుందన్నప్పుడల్ల నువ్వు కట్టు మారిస్తివి. కొత్త కట్టంటే ఇంకింతసేపు గుంతల్నే కూసోవెడితివి. అందుకే చెప్పుడు బంద్ జేసిన."